జొన్నరొట్టె పక్కన ఏ చీజ్ మేలు?

అనంతపురంలో చీజ్ అంటే చాలా ఇళ్లలో ఒకటే అర్థం. రేకు కాగితం చుట్టిన క్యూబు, లేకుంటే ప్లాస్టిక్ పొరలో పలచటి స్లైసు. మా ఇంట్లోనూ అంతే. పోయిన చలికాలం బెంగళూరు నుంచి వస్తూ ఒక చెడ్డార్ ముక్క, రెండు రకాల గౌడా తెచ్చాను. వాటి పక్కన మనకు అలవాటైన క్యూబును కూడా పెట్టుకుని జొన్నరొట్టె, చెనిక్కాయలూ చింతపండూ వేసి నూరిన ఊరుబిండి, పచ్చి ఎర్రగడ్డతో తిని చూశాం.

చీజ్‌ను తెలుగులో జున్ను అని రాసేస్తుంటారు. ఇది మా అవ్వకు అస్సలు నచ్చదు, నాకూ నచ్చదు. జున్ను అంటే బర్రె ఈనాక వచ్చే తొలి పాలు, బెల్లం వేసి ఉడికిస్తే వాటంతటవే గట్టిపడతాయి. చీజ్ దారి వేరు. మామూలు పాలకు తోడులాంటి బాక్టీరియా కలిపి, రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టించి, నీరు పిండేసి, మామిడికాయను మాగబెట్టినట్టు నెలల తరబడి మాగబెడతారు. పనీరు నిమ్మరసంతో విరగ్గొట్టేది కాబట్టి దానికి మాగుడూ లేదు, సెగ మీద కరగడమూ లేదు.

క్యూబు సంగతి తొందరగా తేల్చేస్తాను. తయారైన చీజ్‌ను పొడిచేసి, కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలిపి, కరిగించి మళ్లీ అచ్చు పోస్తే అది వస్తుంది. అందుకే దోసె మీద నూనె కక్కకుండా నున్నగా పరుచుకుంటుంది. కారందోసెకు అంతకన్నా మంచిది లేదు. ఉత్తగా నోట్లో వేసుకుంటే మాత్రం ఉప్పదనం, మెత్తదనం తప్ప ఇంకేమీ తగలవు.

అసలు పోటీ చెడ్డార్‌కూ గౌడాకూ మధ్యే.

చెడ్డార్ ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో ఒక ఊరు. అక్కడి పద్ధతిలో పాలగడ్డను పలకలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తిప్పి తిప్పి పెడతారు. నీరు కారేకొద్దీ పులుపు ఎక్కుతుంది. తర్వాత తునకలు చేసి, ఉప్పు కలిపి, అచ్చులో బిగిస్తారు. నాలుక మీద పెట్టుకోగానే ముందు ఆ పులుపే పలకరిస్తుంది. కొన్ని చెడ్డార్లు నారింజ రంగులో ఉంటాయి. అది జాఫ్రా గింజల రంగే కానీ పాతదనానికి గుర్తు కాదు. నేనూ మొదట్లో ఆ రంగు చూసి మోసపోయాను.

గౌడా పేరు నెదర్లాండ్స్‌లో ఆ చీజ్ అమ్ముడుపోయే సంత ఊరిది. అక్కడ పాలగడ్డ మీది నీరు కొంత తీసేసి వేడినీళ్లు పోసి కడుగుతారు. పాలలోని చక్కెర కొంత ఆ నీళ్లతోనే పోతుంది. బాక్టీరియాకు మేత తగ్గుతుంది కాబట్టి పులుపూ తగ్గుతుంది. చక్కెర కడిగేసిన చీజ్ తియ్యగా ఉండటమే దీని తమాషా. బాగా మాగిన గౌడాలో పంటి కింద చిన్న పలుకులు తగులుతాయి. ఉప్పురాళ్లు అనుకుంటాం, కానీ అవి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం గడ్డకట్టిన స్ఫటికాలు. ఆ ముక్క రుచి గిన్నె అడుగంటిన పాలకోవాను గోకి తిన్నట్టుంటుంది. నాకు మిగతావన్నీ దాని తర్వాతే, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది.

ఊరుబిండి పక్కన చెడ్డార్ తేలిపోయింది. చింతపండు పులుపు మీద ఇంకో పులుపు పడి రెండూ తగువులాడుకున్నాయి. గౌడా అయితే కారాన్ని నెమ్మదింపజేసి, వేయించిన చెనిక్కాయల వాసనతో చక్కగా కలిసిపోయింది. వట్టి జొన్నరొట్టె, ఎర్రగడ్డతో తింటే మాత్రం చెడ్డార్‌దే పైచేయి. మొన్న మే నెలలో బంగినపల్లి మామిడి ముక్కతో తిన్నా అంతే, ఆ తీపికి ఈ పులుపు కావాల్సిందే.

చీజ్‌ను గది వేడికి తెచ్చి తినాలని చెప్పేవాళ్ల గదులు చల్లగా ఉంటాయి. చల్లదనం వాసనను అణిచేస్తుంది కాబట్టి ఆ సలహాలో తప్పు లేదు. మన దగ్గర మే నెలలో అరగంట బయట పెడితే ముక్కకు నూనె చెమట పడుతుంది. డిసెంబరులో అరగంట, ఎండాకాలం పది నిమిషాలు చాలు.

మొదటిసారి కొనేవాళ్లయితే లేత గౌడా తెచ్చుకోండి, పిల్లలు కూడా తింటారు. పెరుగు రెండో రోజు పులిసాక బాగుంటుందనే రకమైతే నేరుగా చెడ్డారే. ఇంట్లో శాకాహారులుంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూడాలి. ఇటలీ పర్మిజానో రెజానో లాంటి వాటికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్టే వాడతారు. చెడ్డార్, గౌడా రెండూ గట్టివే, బెంగళూరు బస్సులో నాలుగైదు గంటలు తట్టుకుంటాయి. నీళ్లలో తేలే తాజా మొజరెల్లాను మాత్రం ఆ బస్సు ఎక్కించొద్దు.

గౌడా గెలిచిందని నేను తేల్చేలోపే అవ్వ పళ్లెం దగ్గరికి లాక్కుంది. "పులుపుండే ముక్క నాకియ్యి. తియ్యగుండేది మీరు తినండి."