క్షుద్రవిద్యల దృశ్యాలు: పూర్తిగా మానడమా, వివేచనతో చూడడమా?

వినోదంలో క్షుద్రవిద్యల చిత్రణకు పూర్తిగా దూరంగా ఉండాలనే క్రైస్తవులు, బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం సోదెను, శకునాలను, మృతులను సంప్రదించడాన్ని నిషేధించిన సంగతిని, ఎఫెసు పట్టణంలోని తొలినాటి విశ్వాసులు 50,000 వెండి రూకల విలువైన మాంత్రిక గ్రంథాలను తగలబెట్టిన వృత్తాంతాన్ని చూపుతారు. వివేచనతో చూడవచ్చనేవారు, ఇశ్రాయేలు రాజైన సౌలు మారువేషంలో రాత్రివేళ ఏన్దోరు అనే ఊరికి వెళ్లి కర్ణపిశాచిగల స్త్రీని, అంటే మృతులతో మాట్లాడించే సోదెకత్తెను, ఆశ్రయించిన ఘట్టాన్ని బైబిలే దాచకుండా వర్ణించిందని, చిత్రించడం వేరు, ఆచరించడం వేరని అంటారు. నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది. ఆ ఘట్టంలో సౌలు చివరికి భయంతో నేలమీద పడిపోతాడే తప్ప మంత్రవిద్యకు ఏ ఆకర్షణా అంటదు. అయితే తెరమీద అదే విద్యను అధికారానికి దగ్గరిదారిగా మెరిపించినప్పుడు మొదటివారి హెచ్చరికను కొట్టిపారేయలేం. పైగా అలాంటి ఆచారాలనుంచి ఈమధ్యే బయటపడిన సోదరుడు పక్కనుంటే, 1 కొరింథీయులకు 8వ అధ్యాయం బోధించినట్లు, నా స్వేచ్ఛకంటే అతని మనస్సాక్షే ముఖ్యం గనుక ఆ దృశ్యాన్ని ఆపివేయాలి.