మైపాడు ఉప్పుటేరులో రెండు బోట్లు

నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడుకు గత జనవరిలో పిల్లలతో వెళ్లినప్పుడు, ఉప్పుటేరులో షికారు తిప్పే రెండు మోటారు బోట్లలో ఏది ఎక్కాలో తేల్చుకోవడానికి నాకు అరగంట పట్టింది. ఏళ్ల తరబడి ఫైబర్ నీళ్ల ట్యాంకులు పోసే పనిలో ఉన్నవాణ్ని కనుక రంగు చూసి డబ్బివ్వడం నా వల్ల కాదు.

మొదటిది మెత్తటి సీట్లు, పాటల పెట్టె ఉన్న బోటు. తలకు 300 రూపాయలు. "యమహా బోటు సార్" అన్నాడు నడిపే కుర్రాడు. యమహా అన్నది వెనక బిగించిన ఇంజను మూత మీది పేరే తప్ప, బోటు బాడీ ఎవరు పోశారో అతనికీ తెలియదు. ఎంత పేరున్న ఇంజనైనా వేలాడేది బోటు వెనక పలకకే. చాలా బోట్లలో ఆ పలక ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్‌తో చేసినది; బోల్టు రంధ్రాల దగ్గర సీలు సరిగా లేకపోతే నీరు దిగి లోపలి చెక్క కుళ్లిపోతున్నా, పైన జెల్‌కోట్ అనే మెరుపు పూత మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. రూపాయి బిళ్లతో తట్టి చూశాను. అంచుల్లో టకటకమన్న పలక, బోల్టుల కింద తడిగోడలా మొద్దుగా పలికింది. ఇంజను కింది భాగాన్ని పట్టుకుని ఊపితే, బోల్టు చుట్టూ ఉన్న సన్నటి చీలికలోంచి గోధుమరంగు నీటిచుక్క ఒకటి బయటికొచ్చింది.

రెండోది వెలిసిన నీలం బోటు. కూర్చునేందుకు ఉత్త బల్లలు, తలకు 200. పలక అంతటా ఒకే శబ్దం. రెయిలింగు మరలు 316 రకం స్టీలువని దాన్ని నడిపే పెద్దాయన చెప్పాడు. మాలిబ్డినం కలిసిన ఆ రకం ఉప్పుగాలికి మామూలు 304 రకం స్టీలు కన్నా బాగా తట్టుకుంటుంది. లోపలి ఉప్పు పోయేలా ఇంజనుకు రోజూ సాయంత్రం మంచినీళ్లు పట్టిస్తాడట. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజనును ఆపేసే ఎర్రతాడు ఆయన మణికట్టుకే ఉంది.

1958లో మొదలైన అమెరికా కంపెనీ బోస్టన్ వేలర్ బోట్లకు ధర ఎక్కువే. మునిగిపోకుండా బాడీ రెండు పొరల మధ్య గట్టిపడే నురుగు (ఫోమ్) నింపి పోయడం వాటి ప్రత్యేకత. 1961లో లైఫ్ పత్రిక కోసం ఒక బోటును రంపంతో అడ్డంగా కోయిస్తే, ఇంజను ఉన్న సగం నడుస్తూనే పోయింది. ఉప్పుటేరు షికారుకు అంత అవసరం లేకపోయినా, బల్లల కింద నురుగు దిమ్మలు ఉన్నాయా అని మాత్రం ఇద్దరినీ అడిగాను. పెద్దాయన మూత ఎత్తి దిమ్మలు చూపించాడు. కుర్రాడి సీటు కింద కూల్‌డ్రింకు సీసాలున్నాయి.

నీలం బోటే ఎక్కాం. ఆ రాత్రి బస చేసిన లాడ్జిలో మామిడికాయ వేసిన చేపల పులుసు అమోఘం. బాల్కనీ రెయిలింగును మాత్రం ఆనుకోవద్దని పిల్లలకు చెప్పవలసి వచ్చింది.