బ్లాండీ, బీటిల్ బెయిలీ: పాత నవ్వుకు రెండు మరమ్మతులు

మగవాడు సంపాదిస్తాడు, ఆడది ఖర్చు పెడుతుంది అన్న నమ్మకం మీద నిలబడిన హాస్యం ఆ నమ్మకం సడలగానే ఏమవుతుందో అమెరికా పత్రికల్లోని ఈ రెండు కామిక్ స్ట్రిప్పులను పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

చిక్ యంగ్ 1930లో ప్రారంభించిన 'బ్లాండీ'లో భార్య కొత్త టోపీ కొనుక్కురావడం, భర్త డాగ్‌వుడ్ బిల్లు చూసి లబోదిబోమనడం పాఠకులకు బాగా అలవాటైన జోకు. 1991లో బ్లాండీ సొంతంగా కేటరింగ్ వ్యాపారం పెట్టుకున్నాక, ఆమె డబ్బు ఆమెదే కనుక, ఆ జోకుకు ఆధారం పోయింది. అయినా స్ట్రిప్పు నిలిచింది. ఎందుకంటే డాగ్‌వుడ్ కట్టే ఆకాశమంత శాండ్‌విచ్, సోఫా మీద తీసే కునుకు, పరుగున బయటికొస్తూ పోస్ట్‌మ్యాన్‌ను ఢీకొట్టడం ఎవరికైనా నవ్వు తెప్పించేవే. ఆ సోమరితనంలో ఒక ఆత్మీయత ఉంది.

మార్ట్ వాకర్ 1950లో ప్రారంభించిన సైనిక శిబిరం నేపథ్యంలో సాగే 'బీటిల్ బెయిలీ' పరిస్థితి అంత సులువు కాదు. 1971లో వచ్చిన సెక్రటరీ మిస్ బక్స్‌లీ సన్నివేశాల్లో నవ్వంతా జనరల్ హాఫ్‌ట్రాక్ ఆమెను కళ్ళప్పగించి చూడటంలోనే ఉండేది. ఆ గడిలో పాఠకుడు జనరల్ పక్కన నిలబడి చూడాలి. ఒక్కసారి ఆమె కుర్చీలో కూర్చుని చూస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. 1997లో జనరల్‌ను మర్యాద నేర్పే శిక్షణకు పంపడం సరైన పనే. కానీ బ్లాండీకి కొత్త జీవితం దొరికింది, ఇక్కడ మాత్రం మార్పు జనరల్‌ది. బక్స్‌లీకి తనదైన హాస్యం ఇంకా రావలసే ఉంది.