చమురు ఒలికినప్పుడు పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే మేలు?

ఓడలోంచి చమురు కారుతోందనగానే బూమ్‌లు (చమురు పాకకుండా నీటిపై తేలే అడ్డుకట్టలు) ఎన్ని ఉన్నాయి, స్కిమ్మర్లు (నీటిపై తేలే చమురును తోడే యంత్రాలు) ఎన్ని ఉన్నాయి అని లెక్కలు మొదలవుతాయి. సరైన రోడ్డు కూడా లేని మారుమూల తీరంలో అంతకన్నా ముందు తేలాల్సింది ఎవరి మాట చెల్లాలన్నది. దీనికి రెండు పేరున్న పద్ధతులున్నాయి. అమెరికాలో కేంద్రం, రాష్ట్రం, ఓడ కంపెనీ ఒకే చోట కూర్చునే ఉమ్మడి కమాండ్. బ్రిటన్‌లో ఒక్క మనిషికే పూర్తి అధికారం.

అమెరికా పద్ధతి వెనక అలాస్కా అనుభవం ఉంది. 1989 మార్చి 24న అర్ధరాత్రి దాటాక ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ ప్రిన్స్ విలియం సౌండ్‌లో రాతి దిబ్బ ఎక్కింది. దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు నీటిపాలైంది. మొదటి రెండు మూడు రోజులు సముద్రం ప్రశాంతంగానే ఉంది, అయినా ఆ సమయమంతా వృథా అయింది. శుభ్రం చేసే సామాను తీసుకెళ్లాల్సిన బార్జ్ (చదునైన సరుకు పడవ) మరమ్మతులో ఉంది. చమురును చెదరగొట్టే రసాయనాలు చల్లుదామని ఓడ కంపెనీ ఎక్సాన్ పట్టుబట్టింది. అలలే లేకపోతే అవి కలుస్తాయా అని రాష్ట్ర అధికారులు అడ్డుపడ్డారు. నిజానికి చల్లడానికి సరిపడా నిల్వే లేదు! ఈలోగా గాలివాన వచ్చి చమురును తీరమంతా పరిచేసింది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టే జరిగింది.

అలాంటప్పుడు ఉమ్మడి కమాండ్‌నే ఎందుకు ఎంచుకున్నారు? అక్కడ అందరూ ఉన్నా, ఎవరి పాత్ర ఏమిటో ముందుగా తేలలేదు. ఇప్పుడు కలిసి నిర్ణయిస్తారు, కుదరకపోతే కేంద్రం తరఫు అధికారిదే చివరి మాట. ఇంకో కారణం నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆ గందరగోళంలోనూ దగ్గరి ఊరు కార్డోవా మత్స్యకారులు సొంత పడవలేసుకుని వెళ్లి, బూమ్‌లు కట్టి, సాల్మన్ చేపపిల్లలను పెంచే హేచరీలను కాపాడుకున్నారు. ఇప్పుడక్కడ వందల చేపల పడవలతో ముందే ఒప్పందం ఉంది, ఏటా శిక్షణ కూడా ఇస్తారు.

బ్రిటన్ కథ వేరు. 1996లో వేల్స్ దగ్గర రాళ్లెక్కిన సీ ఎంప్రెస్ ట్యాంకర్‌ను బయటికి లాగడానికి దాదాపు వారం పట్టింది, ఈలోగా 72,000 టన్నుల చమురు ఒలికింది. ఆ తర్వాత 1999లో మంత్రి ప్రతినిధిగా ఒక అధికారిని పెట్టారు. ప్రమాదం నడుస్తుండగా మంత్రులు అతన్ని సమర్థించాలి, లేదా తీసేయాలి. మధ్యలో వేలు పెట్టకూడదు.

2007 జనవరిలో ఎమ్మెస్సీ నాపోలీ అనే కంటైనర్ ఓడ పగిలినప్పుడు ఈ పద్ధతి పనికొచ్చింది. లోతులో మునిగే ప్రమాదం ఉందని, దాన్ని కావాలనే బ్రాన్స్‌కోంబ్ ఊరి ముందు ఒడ్డుకు ఎక్కించారు. ప్రపంచ వారసత్వ తీరం పక్కన అలాంటి నిర్ణయం ఏ కమిటీ తీసుకుంటుంది? దాదాపు 3,500 టన్నుల ఇంధనంలో చాలావరకు తోడేశారు. అయితే ఓడ మీదున్న అదుపు ఇసుక మీద లేదు. కొట్టుకొచ్చిన కంటైనర్లలోని బీఎండబ్ల్యూ బైకులను జనం తోసుకుపోయారు.

నా లెక్కలో ఓడకు బ్రిటన్ పద్ధతి మేలు, తీరానికి అమెరికా పద్ధతి మేలు. ఓడను లాగాలా, వదలాలా అన్నది గంటల్లో తేలాలి. ఒడ్డు శుభ్రం చేయడానికి నెలలు పడుతుంది, అక్కడ స్థానికులు లేకుండా అడుగు ముందుకు పడదు. 2020లో మారిషస్‌లో వకాషియో ఓడ జూలై 25న దిబ్బకెక్కి ఆగస్టు 6న కారడం మొదలైంది. మధ్య రోజులు చేజారాయి. చివరికి జనమే చెరకు ఆకును గుడ్డల్లో కుట్టి బూమ్‌లు చేసుకున్నారు.

మన దేశంలో సముద్రం మీద కోస్ట్‌గార్డ్‌ది సమన్వయ బాధ్యత, ఒడ్డు రాష్ట్రానిది. అంటే కోరంగి మడ అడవుల్లోకి చమురు వస్తే బాధ్యత చేతులు మారుతుంది. ఆ పాయల్లో ఏ పోటుకు ఎటు నీళ్లొస్తాయో తెలిసేది అక్కడ వేట చేసేవాళ్లకే. వాళ్లతో ముందే ఒప్పందం రాసుకోవాలి. అందులో రోజు కూలీ, డీజిల్ ఖర్చు, చమురు అంటిన వలలకు పరిహారం ఎవరిస్తారో ఉండాలి.