గ్రేట్ 78 ప్రాజెక్టు: పద్యాల ప్లేట్లు వెతికేవారి కోసం ఒక సమీక్ష

పాత పుస్తకాలనూ రికార్డులనూ డిజిటల్‌గా భద్రపరిచే అమెరికా సంస్థ ఇంటర్నెట్ ఆర్కైవ్ నడుపుతున్న గ్రేట్ 78 ప్రాజెక్టును పాటలు వినిపించే సేవగా మాత్రమే చూస్తే దానికి అన్యాయం చేసినట్టే. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లను సేకరించి, డిజిటల్ రూపంలోకి మార్చి, పైసా తీసుకోకుండా వినిపించే ఈ భాండాగారంలో నాలుగు లక్షలకు పైగా రికార్డింగులు చేరాయి. కోనసీమలో పద్యనాటకమంటే ప్రాణం పెట్టే మావంటి వారికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో, దీనిపై పడిన దావాకు మన ప్లేట్లతో ఏమి సంబంధమో చెప్పాలనిపించింది.

పనితనం విషయంలో వంక పెట్టడానికి లేదు. కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి ప్లేటు మీది గాడి వెడల్పు మారుతుంది కనుక, ఒకే ప్లేటును నాలుగు వేర్వేరు కొలతల ముళ్లతో ఒకేసారి పలికించి, ఆ నాలుగు రికార్డింగులనూ విడివిడిగా దాచారు. ఒక ముల్లు అరిగిపోయిన చోట గరగరలాడితే, మరో ముల్లు అదే గాడిలో అరగని భాగాన్ని తాకి గొంతును స్పష్టంగా అందిస్తుంది. వాటిలో ఏది మేలో ఇంజినీరు సూచిస్తాడు, నచ్చకపోతే మిగిలిన మూడూ మనమే విని చూసుకోవచ్చు. పక్కనే లేబుల్ ఫొటో ఉంటుంది. ప్లేటుకు ఒక వైపు సుమారు మూడు నిమిషాలకే అయిపోతుంది కాబట్టి, తెల్లవార్లూ సాగే నాటకంలో తీరిగ్గా రాగం తీసే నటుడు రికార్డింగు గదిలో ఆలాపనను ఎక్కడ కుదించాడో, ఏ పాదాన్ని తొందరగా దాటించాడో ఇలా వింటేనే పట్టుబడుతుంది.

తెలుగు వరకు వస్తే మాత్రం నిరాశ తప్పదు. ఈ ప్రాజెక్టులో సింహభాగం అమెరికా రికార్డులే. తెలుగు పద్యాలు కావాలంటే ఆర్కైవ్‌లో అభిమానులు సొంతంగా చేర్చిన వాటిని వెతుక్కోవాలి. వాటికి తెలుగు లిపిలో పేర్లుండవు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి మహానటుడి పేరును కూడా ఇంగ్లీషు అక్షరాలలో రకరకాలుగా కొట్టి చూడాలి. ప్లేటు నంబరు, విడుదలైన సంవత్సరం చాలాచోట్ల కనిపించవు. ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే హక్కుల లెక్క అంతా ఆ సంవత్సరం మీదే ఆధారపడి ఉంటుంది.

2023 ఆగస్టులో యూనివర్సల్, సోనీ, కాంకర్డ్ తదితర సంగీత కంపెనీలు అమెరికా కోర్టులో దావా వేసి, ఇది అక్రమ రికార్డుల దుకాణమని వాదించాయి. ఫ్రాంక్ సినాట్రా, బిల్లీ హాలిడే వంటి వారి పాటలతో మొదట 2,749 రికార్డింగుల జాబితా ఇచ్చి, ఒక్కొక్క దానికి లక్షన్నర డాలర్ల వరకు కోరాయి. ఆ లెక్కన మొత్తం 41 కోట్ల డాలర్లు దాటుతుంది. తరువాత జాబితా నాలుగు వేలు మించింది. 2025 సెప్టెంబరులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, షరతులు బయటపెట్టలేదు.

కంపెనీల వాదనలో న్యాయం ఉంది. నేటికీ అమ్ముడవుతున్న పాటను పూర్తిగా దింపుకోనిచ్చి, అది కేవలం భద్రపరచడమేనంటే ఒప్పుకోవడం కష్టం. అయితే ఆ కొన్ని వేల పాటల కోసం ఎవరూ అమ్మని లక్షల ప్లేట్లకు నీడనిస్తున్న సంస్థనే కూల్చేయగల మొత్తం అడగడం నాకు దారుణంగా తోచింది. మన పద్యాల ప్లేట్లలో అధికభాగాన్ని ఏ కంపెనీ తిరిగి విడుదల చేసింది? కొందామన్నా దొరకనివాటి వల్ల ఎవరికి నష్టం?

చట్టాల మధ్య తేడా కూడా తెలుసుకోవాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. 1964లో వచ్చిన ప్లేటుకు 2024తో గడువు తీరింది. అమెరికాలో 1940లో విడుదలైన రికార్డుకు 2040 చివరి వరకు హక్కు నడుస్తుంది. రచనపై హక్కు వేరు, అది రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. తిరుపతి వేంకట కవులలో తరువాత కన్నుమూసిన చెళ్లపిళ్ల వారు, మన కడియంలో పుట్టినవారు, 1950లో గతించారు కనుక వారి పద్యాలపై హక్కు 2010తోనే ముగిసింది.

1986 గోదావరి వరదలోనూ 1996 తుపానులోనూ డెల్టా ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే మునిగాయి. అటువంటి చోట లక్క ప్లేట్ల పెట్టె అటక మీద ఉన్నా భద్రం కాదు. అందువల్ల ఈ సేవను వాడమనే చెబుతాను, కాని దాని ఒక్కదాని మీదే భారం వేయవద్దు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగినప్పుడు ఆర్కైవ్ మొత్తం కొన్ని రోజులు మూతపడింది. మీ దగ్గర ప్లేట్లుంటే ముందు రెండు వైపుల లేబుళ్లనూ ఫొటో తీయండి, నంబరూ సంవత్సరమూ చూసుకోండి, గడువు తీరినవాటిని పాడినవారి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అందులో చేర్చండి, ఒక ప్రతిని ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉంచుకోండి. వినేవారు ఎంపీ3 కాకుండా, ధ్వనిలో ఏమీ కోత పెట్టని ఫ్లాక్ (FLAC) ఫైలు దింపుకుంటే హార్మోనియం శ్రుతి కూడా చెవికి నిండుగా అందుతుంది.