2,499 రూపాయల 8 టీబీ డ్రైవ్: కొనకండి, ఇప్పటికే కొంటే చివరిదాకా చదవండి

నాన్న సంవత్సరీకానికి మంచి ఫొటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టిద్దామని అమ్మ అంది. అన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనే ఉన్నాయి కదా అనుకుంటూ లాప్‌టాప్‌కి పెట్టాను. "అన్నవరం 2019" ఫోల్డర్ కనబడింది. లోపల 412 ఫొటోలు. పేర్లు, తేదీలు, సైజులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒకటి క్లిక్ చేస్తే తెరుచుకోలేదు. పక్కదీ అంతే. చెల్లి పెళ్లి వీడియో 38 జీబీ అని చూపిస్తోంది, ప్లే కొడితే నల్ల తెర.

ఆ డ్రైవ్ నాలుగు నెలల క్రితం ఆన్‌లైన్‌లో కొన్నది. పేరు తెలియని కంపెనీ, "8 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ" (అంటే ఎనిమిది వేల జీబీ పట్టే, తిరిగే డిస్కు లేకుండా చిప్‌ల మీద రాసే వేగమైన డ్రైవ్), ధర 2,499. నాలుగున్నర స్టార్లు. ఆ రివ్యూలు ఇప్పుడు మళ్లీ చదివితే నవ్వొస్తోంది. "ప్యాకింగ్ బాగుంది", "రెండు రోజుల్లో వచ్చింది", "చాలా స్టైలిష్‌గా ఉంది". ఆరు నెలలు వాడి రాసినవాడు ఒక్కడూ లేడు. లాప్‌టాప్‌లో సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంది, ఆ తొందరలో నేనూ ఇవేవీ చూడలేదు.

డేటా రికవరీ చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే, చేతిలోకి తీసుకోగానే "అన్నా, ఇది విప్పనా?" అన్నాడు. గోరుతోనే మూత లేపాడు. పెట్టెలో సగం ఖాళీ. చిన్న ఆకుపచ్చ బోర్డు, దానికి వేలిగోరంత మెమరీ కార్డు, కదలకుండా వేడి జిగురు. కింద ఒక ఇనుప ముక్క అంటించి ఉంది. కొన్న రోజు చేతిలో పట్టుకుని "బరువుగా ఉంది, గట్టి సరుకే" అని మురిసిపోయింది ఆ ముక్క బరువుకే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కార్డు అసలు కెపాసిటీ 64 జీబీ.

మరి నేను ఎక్కించిన 300 జీబీ ఏమైంది? మోసం అక్కడే ఉంది. కార్డును నడిపే చిప్‌లో ప్రోగ్రాం మార్చి, కంప్యూటర్ అడిగినప్పుడు "నేను 8 టీబీ" అని చెప్పేలా చేస్తారు. విండోస్ నమ్ముతుంది. ఫైళ్ల పేర్లు, సైజులు రాసుకునే పట్టిక డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఆ చిప్ నిజంగానే రాస్తుంది. 64 జీబీ దాటాక వచ్చే డేటాను మాత్రం పారేస్తుంది, లేదా పాతవాటి మీదే రాసేస్తుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు. కాపీ పూర్తయిందని కూడా చూపిస్తుంది. "అందులో అసలు రాయనే లేదన్నా, ఇంక తీయడానికి ఏముంది" అన్నాడు కుర్రాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

అనుమానం రావాల్సిన చోట్లు బోలెడు. రాత్రి పదింటికి ఆ 300 జీబీ ఎక్కించడం మొదలుపెడితే తెల్లారి అయిదింటికి అయింది. అంటే సెకనుకు పన్నెండు ఎంబీ. ఎస్‌ఎస్‌డీ అన్నది అంత నెమ్మదిగా నడవదు. 8 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు లేకపోలేదు, కానీ వాటి ధర పదుల వేలల్లో ఉంటుంది. అన్నిటికంటే పెద్ద తప్పు నాదే: నేను చేసింది కాపీ కాదు, కట్ పేస్ట్. లాప్‌టాప్‌లో ఏమీ మిగల్లేదు. వాట్సాప్‌లో బంధువులు పంపుకున్న మసక ఫొటోలు కొన్ని దొరికాయి, అంతే.

తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి పేరున్న కంపెనీది 2 టీబీ హార్డ్‌డిస్క్ తీసుకున్నాను. అక్కడా కళ్లు తెరుచుకునే ఉండాలి. మొదటి షాపాయన తక్కువకే ఇస్తానంటూ పాత లాప్‌టాప్ డిస్కును కొత్త కేసులో పెట్టింది చూపించాడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో చూస్తే అప్పటికే పదకొండు వేల గంటలు తిరిగిందని తేలింది. దండం పెట్టి వచ్చేశాను. ఈ గంటల లెక్కను కూడా చెరిపేసే ఘనులు ఉన్నారు, కాబట్టి అదొక్కటే నమ్మొద్దు. సీలు తీయని పెట్టె, సీరియల్ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు అడగండి. ఆ నంబర్‌ను కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో షాపులోనే చూసుకోండి. 2 టీబీ డిస్కు విండోస్‌లో 1.81 అని కనిపిస్తే కంగారు పడకండి. అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు.

ఇంటికి తెచ్చాక ఫైళ్లు ఎక్కించే ముందు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాం నడపండి. ఉచితమే. మ్యాక్, లినక్స్ వాళ్లకు ఎఫ్3 ఉంది. డ్రైవ్ మొత్తాన్ని పరీక్ష డేటాతో నింపి, మళ్లీ చదివి పోల్చి చూస్తుంది. నా 2 టీబీకి దాదాపు పదకొండు గంటలు పట్టింది. పట్టనివ్వండి. రిటర్న్ గడువు లోపే ఇది చేసి ఉంటే ఇవాళ ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

డబ్బు సంగతి. రిటర్న్ గడువు ఏడు రోజులే, ఎప్పుడో అయిపోయిందన్నారు కొన్న సైట్ వాళ్లు. అమ్మినవాడి పేజీయే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, బిల్లు, విప్పిన డ్రైవ్ ఫొటోలు పెట్టి ఫిర్యాదు నమోదు చేశాక మూడు వారాలకు 2,499 వెనక్కి వచ్చింది. కొత్త డిస్కు మీద కూడా వారంటీ డిస్కుకే గానీ లోపలి ఫొటోలకు కాదని తెలిశాక, ఇంకొకటి కొని రెండో కాపీ చెల్లి ఇంట్లో పెట్టాను.

ఇలాంటిది ఇప్పటికే కొన్నవాళ్లకు: ముందు దానిలోకి ఇంకేమీ ఎక్కించకండి. ఫార్మాట్ కొట్టకండి, పరీక్ష ప్రోగ్రాం కూడా ఇప్పుడే నడపకండి, అది రాసే డేటా కింద ఉన్నదీ పోతుంది. ఒక్కో ఫోల్డర్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, తెరుచుకున్నవన్నీ వేరే చోటికి కాపీ చేయండి. లాప్‌టాప్‌లో, ఫోన్‌లో అసలు ఫైళ్లు ఇంకా ఉంటే వాటిని డిలీట్ చేయకండి. ఇవన్నీ అయ్యాకే డ్రైవ్ పరీక్షించండి. మూత విప్పేటప్పుడు ఫొటోలు తీసుకోవడం మర్చిపోవద్దు, నా ఫిర్యాదుకు పనికొచ్చింది అవే.