బండి కాలిపోయింది సరే, ఏది నమ్మాలి: మంట గుర్తులా, తీగలా, చూసినవాళ్ల మాటా?

బండి తగలబడిందనగానే ముందు నోట్లోంచి వచ్చే మాట 'షార్ట్ సర్క్యూట్'. పొగ ఆరకముందే తీర్పు అయిపోతుంది. కాలిన ఇనుము ముందు కూర్చుని కారణం వెతికేవాడి చేతిలో మాత్రం మూడు ఆధారాలుంటాయి: బాడీ మీద మంట వదిలిన గుర్తులు, వైరింగ్‌లో మిగిలిన రాగి, చూసినవాళ్ల మాట. మూడూ ఒకటే చెబితే గొడవే లేదు. ఒకదానికొకటి అడ్డం తిరిగితేనే చిక్కు.

మంట తొందరగా ఆరిన బండిలో నా ఓటు గుర్తులకే. మొదట బండి ముందు అద్దం చూడండి. మంట ఇంజన్ దగ్గర పుడితే, డాష్‌బోర్డు వెనక గోడలో ఏసీ గొట్టాలకు పెట్టిన కంతల గుండా వేడి దూరి, అద్దం సాధారణంగా కింది అంచున ముందు పోతుంది. సీట్ల దగ్గర పుడితే వేడి పైకప్పుకెక్కి పై అంచును పట్టుకుంటుంది. అయితే రిమ్ముల దాకా కాలిన బండిలో ఈ గుర్తులే అబద్ధమాడతాయి. గాలి ఎటు వీచింది, ఏ కిటికీ దించి ఉంది, ప్లాస్టిక్ ట్యాంకు కరిగి ఇంధనం ఎటు పారింది, ఇవన్నీ మొదటి రాతను చెరిపేస్తాయి. ఎక్కువ కాలిన చోటే మొదలైన చోటనుకుంటే బోల్తా పడ్డట్టే. 'రిమ్ము కరిగిందంటే ఎవరో పెట్రోలు పోశారు' అన్న మాటనైతే నేను చెవిన కూడా వేసుకోను. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. ఎవరూ ఏమీ పొయ్యకపోయినా కారు మంట ఆ వేడిని దాటేస్తుంది.

ఇక తీగలు. కాలిన తీగ చివర చిన్న రాగి పూస కనిపిస్తే చాలు, దొంగ దొరికినంత సంబరం. ఆ పూసను భూతద్దం కింద పెట్టాలి. కరెంటు మెరుపుకు కరిగినదైతే పూసకూ తీగకూ మధ్య హద్దు కత్తితో గీసినట్టుంటుంది, ఆ వెనక తీగ మామూలుగానే ఉంటుంది. బయటి మంటకు కరిగిన తీగ (రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి) పొడుగునా సన్నబడి, జారి, ముద్దలు కట్టి ఉంటుంది. సరే, మెరుపు పూసే అనుకుందాం. అది చెప్పేదల్లా ఆ క్షణాన తీగలో కరెంటుందనే. మంటే తొడుగు కాల్చి తీగల్ని కలిపిందేమో! ఎవరు ముందో పూస చెప్పదు. అలాగని పారెయ్యను. ఒకే తీగ మెరుపుకు రెండు చోట్ల తెగి ఉంటే, బ్యాటరీకి దూరంగా ఉన్నదే ముందు జరిగి ఉండాలి. దగ్గరది ముందు తెగితే దూరంలో మెరవడానికి కరెంటేది?

తీగకు బండి చరిత్ర తోడైతే లెక్కే మారిపోతుంది. అమెరికాలో ఫోర్డ్ బండ్లు కొన్ని తాళంచెవి తీసి ఆపి ఉంచినా అంటుకునేవి. క్రూయిజ్ కంట్రోల్ (బండి వేగాన్ని ఒకే తీరున నిలిపే ఏర్పాటు) స్విచ్చిలో పల్చటి పొర దాటి బ్రేక్ ఆయిల్ కరెంటు వైపు ఊరేది. తాళంచెవి తీసినా ఆ స్విచ్చికి కరెంటు ఆగేది కాదు. 2009 నాటికి ఆ స్విచ్చి కోసం వెనక్కి పిలిచిన బండ్లు సుమారు 1.4 కోట్లు.

చూసినవాళ్ల మాటను చాలామంది చివరికి నెడతారు. నేను ముందు అడుగుతాను, కాకపోతే అభిప్రాయం కాదు, కంటితో చూసింది. 'ట్యాంకు పేలింది' అంటారు. తీరా చూస్తే టైరో, ఎయిర్‌బ్యాగో, బానెట్‌ను ఎత్తిపట్టే గ్యాస్ రాడ్డో. అదే మనిషిని మొదటి పొగ ఎక్కడ వచ్చింది, అప్పటికి ఇంజన్ ఆడుతోందా, హారన్ దానంతటదే మోగిందా అని అడగండి. ఎత్తు ఎక్కుతుండగా టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం) వైపు నుంచి పొగ లేచిందని డ్రైవరంటే తీగలు వదిలేసి ఆయిల్ గొట్టాలు చూస్తాను. కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పెట్రోలు కన్నా ఇంజన్ ఆయిలే తేలిగ్గా అంటుకుంటుంది. వినడానికి వింతే గానీ, పెట్రోలు అంటుకునేలోపే ఆవిరై చెదిరిపోతుంది.

మొదటి నిమిషంలో ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఉంటే మొదటి పీట దానికే. సగం కాలిన బండిలో గుర్తులు. అస్థిపంజరమే మిగిలితే తీగలు, అదీ అదే మోడల్ కాలని బండిని పక్కన పెట్టుకుని ఏ తీగ ఎటు పోయిందో పోల్చుకున్నాకే. మూడూ చెయ్యిచ్చినప్పుడు నివేదికలో 'కారణం తేలలేదు' అనే రాయాలి. ఇంకేదీ దొరకలేదు గనుక షార్ట్ సర్క్యూటే అనే వాదన చెల్లదని మంటల దర్యాప్తులో అందరూ తిరగేసే అమెరికా మార్గదర్శి ఎన్ఎఫ్‌పీఏ 921 2011 ముద్రణలోనే చెప్పేసింది.